పది సెకన్ల నిశ్శబ్దం

కూపీ రికార్డింగు గదిలో అడుగుపెట్టేసరికి పదకొండూ పది. సాయంత్రం నాలుగింటికి ఆ పిల్లని మేజిస్ట్రేటు ముందు నిలబెడతారు. చేతిలో ఐదు గంటలు కూడా లేవు, అందులో కోర్టుకి వెళ్లడానికే అరగంట పోతుంది.

అతని అసలు పేరు భార్యకి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఎదుటివాడు తుమ్మినా ఎందుకు తుమ్మావని కూపీ లాగే రకం కాబట్టి తెలిసినవాళ్లంతా కూపీ అనే పిలుస్తారు. గుమ్మానికి ప్రైవేటు డిటెక్టివ్ అని బోర్డు తగిలించి పంతొమ్మిదేళ్లయింది, ఆ బోర్డు మీద కూడా అదే పేరుంది.

"రా బావా, రా! నువ్వొచ్చి తల ఊపితే గానీ మాకు కేసు ముగిసినట్టుండదు," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

ఇన్‌స్పెక్టరు కూపీ భార్యకి సొంత తమ్ముడు. ఇంట్లో ఇద్దరూ ఒకే దుప్పటి మీద కూర్చుని పేకాడుకుంటారు. కేసు దగ్గర మాత్రం ఉప్పూ నిప్పూ.

"తల ఊపడం మా ఇంట్లో, మీ అక్క ముందు. ఇక్కడ కాదు," అన్నాడు కూపీ. "ముందు నన్ను విననియ్యి."

గది చిన్నది. నాలుగు గోడలకీ మందపాటి స్పాంజి, తలుపు మీద తలుపు, మధ్యలో బల్ల, దాని మీద మైకు. మైకుకి మూడడుగుల దూరంలో కంప్యూటరు. మూల కుర్చీలో ఆ పిల్ల కూర్చుని ఉంది, పక్కన లేడీ కానిస్టేబులు. ఇరవయ్యేడేళ్లుంటాయి. చిన్న కంప్యూటర్లు మాత్రమే కడుతుంది కాబట్టి ఆ వ్యాపారంలో వాళ్లంతా ఆమెని బుల్లిపెట్టె అంటారు. నిన్నటి నుంచి ఏడ్చి ఏడ్చి మొహం పీక్కుపోయింది.

కూపీని పిలిపించింది పోలీసులు కాదు, ఆ గది సొంతదారు. పుస్తకాలు చదివించి రికార్డు చేసే ఆమె. నలభై అయిదేళ్ల మనిషి, మాట కూడా కొలిచినట్టు మాట్లాడుతుంది.

"మొదటి నుంచీ చెప్పండి మేడమ్. గంటలతో సహా," అన్నాడు కూపీ.

"నిన్న శుక్రవారం, పొద్దున పదింటికి లాయరుగారు వచ్చారు. ఈ కంప్యూటర్లో రెండు డిస్కులున్నాయి. నా పనంతా మొదటి దాంట్లో. రెండోది లాయరుగారి కోసం తాళం వేసి ఉంచింది. ఆయన తెరవమన్నారు. తెరిస్తే తాళమూ లేదు, లోపల ఏమీ లేదు. కొత్త డిస్కు. అసలుది తీసి దీన్ని పెట్టారు."

"అసలు దాంట్లో ఏముంది?"

"ఒక మనిషి వాంగ్మూలం. ఫ్యాక్టరీలో బాయిలరు పేలి పదకొండు మంది పోయారు కదా, ఆ బాయిలరు ఆపరేటరు. ఊపిరి ఆడక మూడు మాటలకోసారి ఆగుతూ, ఆ కుర్చీలోనే కూర్చుని, నాలుగు రోజుల్లో తొమ్మిది గంటలు చెప్పాడు. వాల్వు పాడైందని ఎవరికి ఎప్పుడు చెప్పాడో, వాళ్లేమన్నారో, తేదీలతో చెప్పాడు. నెల క్రితం ఆయన కూడా పోయాడు."

"నకలు?"

"లేదు. బయటికి పొక్కుతుందని, పోయినవాళ్ల తరఫున కేసు నడిపే లాయరుగారే వద్దన్నారు."

ఇన్‌స్పెక్టరు బెల్టు సర్దుకున్నాడు. "ఇక మిగతాది నేను చెప్తా బావా. ఆ రెండో డిస్కు మామూలు చోట లేదు, లోపల ఎక్కడో అడుగున ఉందట. దాన్ని విప్పడం, మళ్లీ కట్టడం చేతనైంది ఒక్కరికే. ఇదిగో, ఈమెకి. గురువారం సాయంత్రం ఐదూ పదికి వచ్చింది. ఆరింటికి వెళ్లింది. యాభై నిమిషాలు ఈ గదిలో ఒక్కతే ఉంది. మేడమ్ బయట హాల్లో ఉన్నారు. ఇంకేం కావాలి?"

"నేను ముట్టుకోలేదు సార్," అంది బుల్లిపెట్టె. ఆ మాట నిన్నటి నుంచి ఎన్నిసార్లు అందో, గొంతులో ఊపు పోయింది.

కూపీ బల్ల దగ్గరికి వెళ్లాడు. రెండు లావుపాటి నిఘంటువులు పక్కపక్కన నిలబెట్టినంత ఉంది ఆ పెట్టె. బూడిద రంగు రేకు, చుట్టూ సన్నటి చిల్లులు.

"ఇదేనా? మా ఇంట్లో రేడియో ఇంతకంటే పెద్దది. ఆపేశారా దీన్ని?"

"లేదు సార్, నడుస్తోంది," అంది బుల్లిపెట్టె.

కూపీ నమ్మలేదు. వంగి చెవి ఆనించాడు. ఏమీ లేదు. పైన అరచెయ్యి పెడితే గోరువెచ్చటి గాలి తగిలింది. అప్పుడు గానీ నమ్మకం కుదరలేదు.

"ఏడు లీటర్లు సార్," అంది ఆ పిల్ల, అడక్కుండానే.

"పాలా, కిరసనాయిలా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"మా పనిలో పెట్టె లోపలి చోటు లీటర్లలోనే కొలుస్తాం. మామూలు కంప్యూటరు పెట్టె నలభై, యాభై లీటర్లుంటుంది. అందులో ఉన్నవన్నీ ఇందులోనూ ఉన్నాయి. మైకు పక్కన పెట్టాలి, చప్పుడు వినపడకూడదు, పని మాత్రం ఏనుగంత చెయ్యాలి అన్నారు మేడమ్. నాలుగు నెలలు పట్టింది."

ఇంత దుఃఖంలోనూ ఆ పిల్ల గొంతులో కాస్త గర్వం తొంగిచూసింది. కూపీకి అది నచ్చింది. కూపీ నాన్న గడియారాలు బాగుచేసేవాడు. గోరంత చోటులో ముప్పై చక్రాలు ఇమిడ్చిన వాచీని అరచేతిలో పెట్టుకుని, "చూడరా, దీన్ని చేసినవాడికి దణ్ణం పెట్టాలి," అనేవాడు. కూపీకి ఆ పిచ్చి పోలేదు.

"గురువారం ఎందుకొచ్చావమ్మా?"

"జుయ్యిమని సన్నటి రొద వస్తోందని సోమవారం మేడమ్ ఫోన్ చేశారు సార్. మైకులో పడిపోతోందన్నారు. సామాను సర్దుకుని గురువారం వచ్చాను. పెట్టె ఆపాను, వేశాను, పని పెంచాను, తగ్గించాను. చెవి పెట్టుకుని యాభై నిమిషాలు కూర్చున్నాను. రొద రాలేదు. రానిదాన్ని ఏం బాగుచెయ్యను? ఒక్క స్క్రూ కూడా విప్పకుండా వెళ్లిపోయాను."

ఇన్‌స్పెక్టరు పకపకా నవ్వాడు. "విన్నావా బావా? లేని చప్పుడు వినడానికొచ్చి, యాభై నిమిషాలు విని, చెవులు దులుపుకుని వెళ్లిందట! ఇలాంటి కాకమ్మ కథలు నేను రోజుకి నాలుగు వింటాను. మేడమ్, ఇప్పుడు రొద ఉందా?"

"లేదు," అంది ఆమె ఇబ్బందిగా. "ఆమె బాగుచేసి వెళ్లిందనే అనుకున్నాను."

"చూశావా! రొద పోయింది. విప్పకుండా ఎలా పోతుంది? విప్పింది, డిస్కు తీసింది, పనిలో పనిగా రొద కూడా ఆపింది. దొరికిపోయింది."

కూపీ గడ్డం గోక్కున్నాడు. బావమరిది చెప్పిందాంట్లో పస లేకపోలేదు. రొద నిజంగానే పోయింది. ఎవరూ విప్పకుండా అది పోదు.

"విప్పించు," అన్నాడు. "నా కళ్ల ముందు. ఈ పిల్ల చేతే."

"పంచనామాకి ఎలాగూ విప్పించాలి. కానియ్యమ్మా."

పోలీసులు సీలు వేసిన సంచి తెరిచి పనిముట్లు ఆమె ముందు పెట్టారు. కంప్యూటరు ఆపారు. కూపీ చేతి గడియారం విప్పి బల్ల మీద పెట్టాడు. పదకొండూ ముప్పై రెండు.

అంతసేపూ వణికిన ఆ చేతులు స్క్రూడ్రైవరు పట్టుకోగానే నిలకడగా అయ్యాయి. మూత పైకి లేపింది. రెండు పక్కల రేకులు తీసింది. లోపల చూసి కూపీ అలాగే ఉండిపోయాడు. మధ్యలో ఒక సన్నటి గోడ. ఇటు పక్క మదర్‌బోర్డు, అటు పక్క గ్రాఫిక్స్ కార్డు, వీపూ వీపూ ఆనించి కూర్చున్న ఇద్దరు మనుషుల్లా ఉన్నాయి. రెండింటినీ కలుపుతూ అడుగు నుంచి మడతపడిన నల్లటి పట్టీ లాంటి కేబులు. వేలు దూర్చడానికి చోటు లేదు, అయినా గాలి పోవడానికి దారి ఉంది.

"ఈ తీగలు ఎక్కడ దొరుకుతాయమ్మా ఇంత కొలతగా?"

"దొరకవు సార్. ఏది ఎంత దూరం పోవాలో కొలిచి నేనే కోసి అల్లుకున్నాను. అంగుళం ఎక్కువైతే గాలికి అడ్డం, తక్కువైతే అందదు."

"మరి వేడెక్కదా?"

"ప్రాసెసరుకిచ్చే వోల్టేజి కాస్త తగ్గించాను. పని ఏమాత్రం తగ్గినట్టు తెలియదు గానీ వేడి బాగా తగ్గుతుంది. వేడి తగ్గితే ఫ్యాను పరిగెత్తక్కర్లేదు. ఫ్యాను పరిగెత్తకపోతే చప్పుడుండదు. ఆ వోల్టేజి దొరకబుచ్చుకోవడానికే పద్దెనిమిది రోజులు కూర్చున్నాను."

"భలే!" అన్నాడు కూపీ, మనసారా. "భలే పని చేశావమ్మా!"

"బావా, నువ్వు కేసు చూడ్డానికొచ్చావా, ఇల్లరికం అల్లుడిలా మురిసిపోవడానికొచ్చావా?"

"పనితనం కనిపిస్తే మురిసిపోవాలిరా. నీకు ఆ అలవాటు లేదు, ఏం చేస్తాం."

ఆమె పని ఆపలేదు. ఒకటి తీస్తే గానీ రెండోది రాదు, రెండోది తీస్తే గానీ మూడోది కనపడదు. కార్డు వచ్చింది, పట్టీ వచ్చింది, పవర్ సప్లై వచ్చింది. పదకొండూ యాభై ఒకటికి ప్రాసెసరు మీద ఉన్న పెద్ద ఫ్యానుకి చేరింది. నాలుగు స్క్రూలు విప్పి ఫ్యాను పైకి లేపింది.

అక్కడ చెయ్యి ఆగిపోయింది.

నాలుగు సెకన్లే. గడియారం ముల్లు చూస్తున్న కూపీకి తప్ప ఎవరికీ తెలియలేదు. ఆమె మొహంలో నెత్తురు లేదు. స్క్రూలున్న నాలుగు చోట్లా కందిబద్దంత గుండ్రటి తోలు ముక్కలున్నాయి. ఆమె వాటిని వేలితో తీసి అరచేతిలో పెట్టుకుని, ఏమీ జరగనట్టు మళ్లీ పని మొదలుపెట్టింది.

పన్నెండూ ఆరుకి మదర్‌బోర్డు ఊడివచ్చింది. తిరగేసింది. వెనక వైపున వేలెడు పొడుగు డిస్కు ఉంది, కొత్తది.

"ముప్పై నాలుగు నిమిషాలు," అన్నాడు కూపీ. "విప్పడానికే. మళ్లీ కట్టడానికి ఎంతమ్మా?"

ఆమె తోలు ముక్కలని పిడికిట్లో బిగించింది.

"ప్రాసెసరు వేడి లాగే పాత పేస్టు తుడిచి కొత్తది రాసి, తీగలన్నీ సర్ది కట్టాలంటే గంటకి తక్కువ పడుతుందా? గురువారం నీకున్నది యాభై నిమిషాలు. బావమరిదీ, నీ లెక్క ఇక్కడే పప్పులో కాలేసింది."

"కావాలని మెల్లగా విప్పింది బావా. నీకు చెవిలో పువ్వులు పెడుతోంది."

"నేనే తీశాను," అంది బుల్లిపెట్టె.

రికార్డింగు మేడమ్ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

"ఏమన్నావు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"డిస్కు నేనే తీశాను. గురువారం. ఈ తోలు ముక్కలు కూడా నేనే పెట్టాను, రొద రాకుండా. డిస్కు పారేశాను. ఇంక నన్ను తీసుకెళ్లండి సార్. ఎవరినీ ఏమీ అడక్కండి."

ఇన్‌స్పెక్టరు బావ వైపు తిరిగి రెండు చేతులూ చాచాడు. ఆ మొహంలో సంతోషం చూసి కూపీకి అరికాలి మంట నెత్తికెక్కింది.

"అయిపోయింది బావా! ఇంక ఇంటికెళ్లి అక్క పెట్టింది తిని పడుకో. సార్ గారు మురిసిపోయిన పిల్ల తన నోటితో తనే చెప్పింది."

"చెప్పింది. నువ్వు నిన్నటి నుంచి గద్దించినా చెప్పనిది, ఫ్యాను విప్పగానే చెప్పింది. ఎందుకు చెప్పిందో అడగవా?"

"దొరికిపోయింది కాబట్టి!"

"దొరికిపోయింది, నిజమే. కానీ ఆమె కాదు." కూపీ ఆ పిల్ల ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. "ఆ తోలు ఇలా ఇవ్వమ్మా. ఎక్కడిదిది?"

"నా పాత చెప్పులది."

"దేనితో కోశావు?"

"బ్లేడుతో."

కూపీ జేబులోంచి నాన్న వాడిన భూతద్దం తీసి చూశాడు. నాలుగు ముక్కలూ రూపాయి బిళ్లల్లా ఒకే గుండ్రం. అంచులు చుట్టూ సన్నగా చెక్కి, నూనె పట్టించి ఉన్నాయి. ఫ్యాను పెట్టెకి నేరుగా తగలకుండా, మరీ వదులుగా ఊగకుండా, సరిగ్గా కావాల్సినంత మందం. ఎంత ఓపిక ఉండాలి దీనికి!

"ఇది బ్లేడు పని కాదమ్మా. గుండ్రంగా కొట్టే ఉలి కావాలి. నీ సంచిలో అలాంటిది లేదు, చూశాను. పైగా నీ పెట్టె అంతటా ఎక్కడ అదురు వస్తుందో అక్కడ రబ్బరు వాడావు. ఈ తోలు కోసిన చెయ్యి నీది కాదు. ఎవరిదో నీకు తెలుసు."

ఆమె తల దించుకుంది. కన్నీళ్లు టపటపా ఒళ్లో పడ్డాయి.

"చాల్లే బావా," అన్నాడు ఇన్‌స్పెక్టరు. "తోలు, ఉలి! కోర్టులో ఇవి నిలబడతాయా? ఈమె ఒప్పుకుంది. నిలబడేది అదొక్కటే."

కూపీ లేచాడు. పన్నెండున్నర. నిజమే, తోలు ముక్కలు నిలబడవు. పెట్టె ఎప్పుడు విప్పారో తేల్చాలి. గురువారం రొద లేదంటే విప్పింది అంతకు ముందే. సోమవారం ఉంది. ఈ రెండింటి మధ్యలో ఎప్పుడు?

"మేడమ్, రొద ఎప్పుడు ఆగిందో మీకు గుర్తుందా?"

"లేదండీ. వచ్చినప్పుడు చిరాకు పడతాం గానీ ఆగినప్పుడు పట్టించుకోం కదా." అంతలో ఆమె ఆగింది. "కానీ... నిశ్శబ్దాలున్నాయి."

"ఏమున్నాయి?"

"ప్రతి రికార్డింగుకి ముందు పది సెకన్లు ఎవరూ కదలకుండా, ఊపిరి చప్పుడు కూడా లేకుండా కూర్చుంటాం. ఖాళీ గది ఎలా వినిపిస్తుందో అది రికార్డు చేస్తాం. తరవాత మాటల మధ్య అతుకులు వేయడానికి ఆ నిశ్శబ్దమే కావాలి. ఈ పనిలో ఉన్నవాళ్లంతా చేసేదే. రోజువారీ పనుల నకళ్లు నా లాప్‌టాప్‌లో ఉన్నాయి, ఏ పూట ఎన్ని గంటలకి మొదలైందో పేరులోనే రాసుకుంటాను."

కూపీ ఆమె రెండు చేతులూ పట్టుకుని ఊపేశాడు. "తల్లీ, ఈ మాట ముందే చెప్పొద్దూ!"

హెడ్‌ఫోన్లు తెచ్చారు. కూపీ ఒకటి పెట్టుకున్నాడు, ఇంకోటి బలవంతంగా బావమరిది నెత్తిన పెట్టాడు. మనుషులు మాటలు వినడానికి ఆరాటపడతారు. ఆ మధ్యాహ్నం ఇద్దరు పెద్ద మగాళ్లు కళ్లు మూసుకుని, ఎవరూ ఏమీ అనని క్షణాలు విన్నారు.

సోమవారం పదిన్నర. పది సెకన్ల నిశ్శబ్దం. దాని అడుగున, దోమ గదిలో ఎక్కడో ఉన్నట్టు, సన్నగా జుయ్యిమని.

సోమవారం మూడున్నర. ఉంది.

మంగళవారం పదకొండూ అయిదు. ఉంది.

మంగళవారం రెండూ నలభై. కూపీ ఊపిరి బిగబట్టాడు. మళ్లీ పెట్టించుకుని విన్నాడు. మూడోసారి కూడా విన్నాడు. లేదు. బావిలోకి తొంగిచూసినట్టుంది.

"బుధవారం?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. అతని గొంతు కూడా తగ్గిపోయింది.

బుధవారం లేదు. గురువారం పొద్దున లేదు.

"మంగళవారం పదకొండూ అయిదుకీ రెండూ నలభైకీ మధ్య," అన్నాడు కూపీ. "అప్పుడు విప్పారు. నీ గురువారం సాయంత్రం గాల్లో కలిసిపోయింది."

"అయితే ఈమె మంగళవారమే వచ్చి ఉంటుంది. అప్పుడే తీసి ఉంటుంది."

"అవునా? మంగళవారం మధ్యాహ్నం ఎక్కడున్నావమ్మా?"

ఆమె ఒకసారి ఇన్‌స్పెక్టరు వైపు చూసి తల దించుకుంది.

"ఆమె చెప్పదు. నువ్వు చెప్పు బావమరిదీ. మంగళవారం మీ అక్క భోజనానికి రమ్మని ఫోన్ చేస్తే ఏమన్నావు?"

ఇన్‌స్పెక్టరు తెల్లమొహం వేశాడు. టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"స్టేషన్లో కంప్యూటరు చచ్చిపోయిందని... ఎవరో అమ్మాయి వచ్చి బాగుచేస్తోందని..." ఆ పిల్ల వైపు చూశాడు. "పదకొండున్నర నుంచి మూడు దాకా నా గదిలోనే ఉంది. నా కుర్చీలోనే కూర్చుంది. నేనే నిలబడ్డాను బావా."

"రిజిస్టరులో సంతకం?"

"నాదే."

ఎగతాళి చేయడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. కానీ కూపీకి నోరు రాలేదు. బావమరిది నిన్నటి నుంచి ఆ పిల్లని ఎలా గద్దించాడో గుర్తు చేసుకుంటున్నాడని ఆ మొహమే చెబుతోంది.

"మేడమ్, మంగళవారం మధ్యాహ్నం ఇక్కడికెవరొచ్చారు?"

"పన్నెండు నుంచి రెండు దాకా ఒక పెద్దాయన గది తీసుకున్నారు. డెబ్బై ఏళ్లుంటాయి. మనవరాలికి తన గొంతుతో ఉత్తరాలు చదివి పంపాలన్నారు. ఎదురుగా మనిషి ఉంటే నోరు పెగలదు, నన్ను ఒంటరిగా వదిలెయ్యండమ్మా అన్నారు. సరేనని తలుపేసి వచ్చాను. రెండింటికి బయటికొచ్చి, గొంతు రాలేదు, ఇంకోసారి వస్తానన్నారు. పాపం అనుకున్నాను."

"ఇంకేమైనా అన్నాడా?"

"వెళుతూ ఆగి, ఈ కంప్యూటరు ఎవరు కట్టారమ్మా అని అడిగారు. ఒక అమ్మాయి అన్నాను. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. నాకు అర్థం కాలేదు."

బుల్లిపెట్టె మొహం రెండు చేతుల్లో దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

కూపీ కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు. "సోమవారం మేడమ్ ఫోన్ చేశాక, రొద ఎక్కడి నుంచి వస్తోందో తెలియక ఎవరినో అడిగావు. ఎవరిని?"

"మా గురువుగారిని," అంది చివరికి. "పెట్టెలో ఏది ఎక్కడుందో కూడా చెప్పాను. పదిహేడేళ్లప్పుడు ఆయన దగ్గర చేరాను సార్. స్క్రూడ్రైవరు పట్టుకోవడం దగ్గర్నుంచి ఆయనే నేర్పారు. ఏది ముందు విప్పాలి, ఏది తరవాత అనేది ఆయన పెట్టిన వరసే. పెట్టె పూర్తయ్యాక తెచ్చి చూపిస్తానంటే, వద్దమ్మా, నేను చూస్తే వంకలు పెడతాను అన్నారు. తోలు బిళ్లలు ఆయన తప్ప ఎవరూ వాడరు. చూడగానే తెలిసింది. కానీ ఆయన దొంగ కాదు సార్. చచ్చినా కాదు."

"దొంగ అయితే రొదని అలాగే వదిలేసి పోయేవాడు," అన్నాడు కూపీ మెల్లగా. "డిస్కు తీసుకుని, ఎలా ఉన్నది అలా కట్టేసి పోతే ఈ జన్మలో ఎవరికీ తెలిసేది కాదు. శిష్యురాలి పనిలో తప్పు కంటపడితే దిద్దకుండా ఉండలేకపోయాడు. అక్కడే దొరికాడు."

"ఎక్కడుంటాడాయన?" అన్నాడు ఇన్‌స్పెక్టరు. బుల్లిపెట్టె గురువుగారి రిపేరు దుకాణం అడ్రసు చెప్పింది.

"ముందు ఫోన్ చెయ్యనీ," అన్నాడు కూపీ. "నువ్వే చెయ్యమ్మా. అందరికీ వినపడేలా పెట్టు."

రెండో మోతకే ఎత్తారు.

"ఏమ్మా, విప్పారా?" అంది ముసలి గొంతు.

"విప్పాం గురువుగారూ."

"తోలు చూశావా?"

"చూశాను."

"ఫ్యాను స్క్రూలు మరీ బిగించేశావు తల్లీ. అదొక్కటే. ఇంక వంక పెట్టడానికి ఎక్కడా చోటు లేదు. ఆ తీగల అల్లిక, ఆ గాలి దారి! నలభై ఏళ్లు పనిచేశాను, అలాంటి పెట్టె నేను కట్టలేదు."

"ఎందుకు చేశారు గురువుగారూ?" అంది బుల్లిపెట్టె.

"నా తమ్ముడు ఆ ఫ్యాక్టరీ మేనేజరు. నేను పెంచిన పిల్లాడు. వాల్వు సంగతి వాడికి ముందే తెలుసట. ఆపరేటరు మాటలు నీ పెట్టెలో ఉన్నాయని ఎలాగో తెలుసుకుని, కాళ్ల మీద పడి ఏడిస్తే కాదనలేకపోయాను. నీ మీదికొస్తుందని మాత్రం అనుకోలేదమ్మా, ఒట్టు. ఈ పొద్దునే తెలిసింది. పోలీసులెవరైనా ఉన్నారా అక్కడ?"

"ఉన్నాను," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

"ఆ పిల్లని వదిలెయ్యండి బాబూ. తీసింది నేను. డిస్కు నా దగ్గరే ఉంది. పగలగొట్టమన్నాడు వాడు. సుత్తి కూడా ఎత్తాను. పదకొండు మంది అందులో ఉన్నట్టనిపించింది, చేతులు రాలేదు. తీసుకుని మీ దగ్గరికే బయల్దేరుతున్నానని వాడికి చెప్పేశాను. చెప్పకుండా వెళితే మోసం అనిపించింది."

కూపీ ఫోను మీదికి వంగాడు. "ఎప్పుడు చెప్పారు?"

"ఇప్పుడే, ఓ పావుగంట క్రితం."

ఫోనులో రేకు మీద దబదబా బాదుతున్న చప్పుడు వచ్చింది. "అన్నయ్యా! నేనే. షట్టరు తియ్యి."

"తియ్యకండి!" అని అరిచాడు కూపీ. ఇన్‌స్పెక్టరు అప్పటికే వైర్‌లెస్‌లో జీపుని ఆ దుకాణానికి పొమ్మని కేకలేస్తున్నాడు. "ఎంతసేపు పడుతుంది?" అని కూపీ అడిగితే పన్నెండు నిమిషాలన్నాడు.

"గురువుగారూ, వెనక తలుపు నుంచి వెళ్లిపోండి," అంది బుల్లిపెట్టె, ఫోనుని రెండు చేతులా పట్టుకుని. "నా మాట వినండి. వెనక తలుపు."

"వాడు నా తమ్ముడమ్మా," అన్నాడు ముసలాయన. "నన్నేం చేస్తాడు?"

షట్టరు పైకి లేచిన చప్పుడు ఆ గదిలో అందరికీ వినిపించింది. ఏదో కింద పడింది. కుర్చీ కావచ్చు, ఫోను కావచ్చు. ఆ తరవాత మాటలు లేవు.

రికార్డింగు మేడమ్ అలవాటు కొద్దీ ఊపిరి బిగబట్టింది. బుల్లిపెట్టె ఫోనుని చెవికి నొక్కుకుని కళ్లు మూసుకుంది. దోమంత రొదని యాభై నిమిషాలు వెతికిన చెవులవి. ఆ మొహం చూస్తూ కూపీ ఒక్కొక్క సెకనూ లెక్కపెట్టాడు.

"నలుగురు నడుస్తున్నారు సార్," అందామె. "గురువుగారి అడుగులు వాటిలో లేవు."